ఫ్రెడ్ డెర్రీ దాంపత్యము : ఔచిత్యవిచారము

రెండవ ప్రపంచయుద్ధానంతరమున అమెరికాదేశమునఁ బుట్టిన చలనచిత్రములలో 1946 సంవత్సరమున వెలువడిన ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ మిక్కిలి పేరొందినది. దీనికి మూలము 1945లో మెకిన్లే కాంటర్ అంత్యప్రాసలేని పద్యములలో రచించిన ‘గ్లోరీ ఫర్ మీ’ యను కథ. రాబర్ట్ షెర్వుడ్ దానిని చిత్రానుగుణముగా సంతరింపఁగా, విలియం వైలర్ దర్శకత్వము వహించెను. ఇందు ఇల్లు చేరిన యోధులు మువ్వురు. వారిలో వైమానికదళమున కెప్టెన్ పదవినందిన ఫ్రెడ్ డెర్రీ దాంపత్యకథయే నికషకు నిలుపవలసినది.

ఫ్రెడ్ యుద్ధమునకుఁ బూర్వము మందుల యంగడిలో పానీయములందించు కొలువువాఁడు. శిక్షణకాలమున టెక్సస్ సీమలో మారీని పరిణయమాడి, మూఁడువారములైనఁ గాపురము చేయక సముద్రము దాఁటెను. ఆమె వలచినది వైమానికుని వేషమును. తిరిగివచ్చిన భర్త సామాన్యవస్త్రములతో నిలువఁగా ఆమె మొగము చిన్నవోవుటయు, మరల సైనికవేషము తొడుగుమని కోరుటయు కవి చక్కఁగా చిత్రించినాఁడు. తార్కికులు ఉపాధి యందురే, అది తొలఁగినంతనే ప్రేమయు తొలఁగుట యిది. వెనుకటి యంగడిలోనే వారమునకు 32.50 డాలర్ల జీతము. రాత్రులందు మండుచున్న విమానమును గూర్చిన కలవరింతలు. ఇంతవఱకు రచన నిరవద్యము.

అటుపైని ఫ్రెడ్ తన మిత్రుఁడగు ఆల్ స్టీఫెన్సన్ కూఁతురు పెగ్గీయందు అనురక్తుఁడగును. వివాహితునకు అన్యానురాగ మంటఁగట్టిన కవికి నాయకుని కాపాడుకొనవలసిన భారము కలిగినది. కాళిదాసునకును ఇట్టి సంకటమే వచ్చెను. భారతమున లేని దుర్వాసశ్శాపమును కల్పించి యాతఁడు దుష్యంతుని దోషము మాన్పెను. అందు శకుంతల యపరాధము అనవధానమాత్రమే. అదియు పతిచింతవలనఁ గలిగినది. షెర్వుడ్ శాపమునకు మారుగా మారీనే వాడుకొనెను. ఆమె యింట మఱియొక పురుషుని గూర్చుండఁబెట్టి, విడాకులమాట ఆమెనోటనే పలికించి, ఫ్రెడ్‌ను విముక్తునిఁ జేసెను. ఇది సుకరోపాయము, ఉచితోపాయము గాదు.

ఆమె తుదిపలుకులు వినఁదగినవి. భర్త కోరఁగా తన కొలువు మానుకొంటిననియు, జీవితమున మేలైన యేండ్లు ధారవోసితిననియు ఆమె యెత్తిపొడుచును. చిత్రమునకుఁ బెట్టిన పేరే యిది! దూషింప నెంచిన స్త్రీ నోట కావ్యనామమును నిలుపుట యనాలోచితమైనచో స్ఖాలిత్యము. ఆలోచితమైనచో తగిన ప్రత్యుత్తరము ఫ్రెడ్ నోట రావలెను. రాలేదు. భృధాతుజన్యమగు భర్తృశబ్దమునకు భరించువాఁడని యర్థము. ఆమె సంపాదన మాన్పించి, తన జీతముతో ఆ భారము మోయలేకపోయినవాఁడు ఫ్రెడ్. ఆ 1946లోనే ఆ దేశమున 6 లక్షలకు మించి విడాకులు జరిగినవి. యుద్ధకాలపుఁ దొందర పెండ్లిండ్లు అందుకొక కారణము. అన్నింటను భార్యయే చపలయని యెవ్వరనఁగలరు?

ఈ కొఱఁత యున్నను ఒక సన్నివేశమును మఱువరాదు. ముందుభాగమున హోమర్ పియానో వాయించుచుండ, దూరమున గాజుగదిలో ఫ్రెడ్ టెలిఫోనున పెగ్గీకి తన నిరాకరణమును దెలుపుచుండును. మాట వినఁబడదు. ఛాయాగ్రాహకుఁడు గ్రెగ్ టోలండ్ దగ్గఱను దూరమును సమస్ఫుటముగ నిలిపెను. నడుమనున్న ఆల్ చూపే ప్రేక్షకునకు సర్వమును దెలుపును. ధ్వనివాదులు మెచ్చఁదగిన పట్టు.

హోమర్ వివాహవేళ ఫ్రెడ్, తనకు ధనము లేదనియు, తగిన యిల్లు దొరకదనియు, నిలద్రొక్కుకొనుటకు యేండ్లు పట్టుననియు పెగ్గీకి ముందుగానే చెప్పును. టెక్సస్‌లో మారీకి ఆ మాట చెప్పినట్లు కథలో నెచ్చటను గానరాదు.