బనగానపల్లె అంటుకొమ్మ చెప్పు పాఠము

బనగానపల్లె మామిడి రుచి ఎరుగని తెలుగువారు అరుదు. కాని అది ఏ ప్రయోగశాలలో పుట్టినదని అడిగినచో, ఏ ప్రయోగశాలలోను కాదని చెప్పవలెను. మామిడి టెంక నాటినచో తల్లిచెట్టు గుణములన్నియు అట్లే రావు. పరపరాగ సంపర్కము వలన పిల్లమొక్క మారిపోవును. అంటుకట్టిన కొమ్మ మాత్రము తల్లి గుణములను నిలుపుకొనును. 1948 వరకు నవాబుల సంస్థానముగా ఉండి, నేడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆ ఊరి పేరు దేశమంతట వినబడుచున్నదన్న, తోటలవారు మంచి చెట్టును గుర్తించి దాని కొమ్మలను పదిమందికి పంచుటయే కారణము.

సంస్థలు తమ గోడల ఆవల పుట్టిన ఆలోచనలను లోనికి రానిచ్చి, తమ ఆలోచనలను వెలుపలికి పోనిచ్చు పద్ధతికి 2003లో హెన్రీ చెస్‌బ్రో అను అమెరికా ఆచార్యుడు ‘ఓపెన్ ఇన్నొవేషన్’ అని పేరుపెట్టెను. దీనిని వివృత నవకల్పన అనవచ్చును. దీనికి అడ్డుపడునది “మనము కనిపెట్టినది కాదుగదా” అను చిన్నచూపేనని సాధారణముగ చెప్పుదురు. ఇది సగము నిజము మాత్రమే.

2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది ఇతరులకు తలుపు మూయుటయని కొందరు, తరతరాల రైతుల నేర్పుకు ప్రతిఫలమని కొందరు అనవచ్చును. రెండును పొరపాటే. 1999 నాటి ఆ చట్టము రక్షించునది పేరును; చెట్టును కాదు. అది అంటుకట్టువాని చేయి పట్టుకొనదు. క్రొత్త చెట్టును కనుగొన్నవానికి ప్రతిఫలమును ఈయదు.

బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ బనగానపల్లెను ఆల్ఫాన్సోతో సంకరపరచి అర్క అరుణ, అర్క పునీత్ అను రకములను రూపొందించినది. ఇది మెచ్చదగిన పనియే. అయితే కొమ్మ ప్రయోగశాలకు చేరినదిగాని, దానిని మొదట ఏరినవాని పేరు చేరలేదు.

ఆ సంస్థయే తరువాత మరొక దారి చూపినది. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఒక రైతు తోటలో ఎర్రని తొనల పనసచెట్టు ఉండెను. శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి, రైతు తండ్రి పేరిట ‘సిద్దు’ అని పిలిచి, అంట్లు పెంచిరి. అంట్ల అమ్మకపు రాబడిలో నూటికి 75 వంతులు రైతుకు చెందునట్లు ఒడంబడిక వ్రాసికొనిరి. ఇచట మనస్సు మారినది నిజమే; కాని దానికంటె ముఖ్యము, లెక్క వ్రాయబడినది.

రైతు చెప్పిన ప్రతి చెట్టును అంగీకరించుట సాధ్యమా? కాదు. అంటుమామిడి కాపునకు వచ్చుటకే కొన్ని ఏండ్లు పట్టును. గుణమును తేల్చుటకు మరికొన్ని కాపులు చూడవలెను. పరీక్ష కఠినముగనే ఉండవలెను. కాని వచ్చినవాని మాటను పుస్తకములో ఎక్కించుట, త్రోసిపుచ్చినచో కారణము చెప్పుట, అంగీకరించినచో వాటా ముందే నిర్ణయించుట కష్టము కాదు. రైతు పెంచిన రకమును అతని పేరిట నమోదు చేయుటకు 2001 నాటి చట్టము వీలు కల్పించుచున్నది.

రాయలసీమ మెట్టభూములలో ఏ గట్టుమీదనో తక్కువ నీటితో కాయు చెట్టొకటి ఉండవచ్చును. దాని గుణము యజమాని ఒక్కనికే తెలిసియుండును. చెప్పిన ఫలమేమి అని అతడు ఊరకున్నచో, ఆ చెట్టు ఒకనాడు కట్టెలకు పోవును. తలుపు తెరచితిమని ప్రకటించినంత మాత్రమున అతడు రాడు. తనకు దక్కునదేమో కాగితముపై కనబడిననాడు కొమ్మతో వచ్చును.