మెజారిటీ మీద నిద్రపోని ఎమ్మెల్యే

లక్ష ఓట్ల మెజారిటీ ఇచ్చిన నియోజకవర్గానికి ఎమ్మెల్యే చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడని మన అనుభవం. సిద్దిపేటలో అది తప్పింది. తన్నీరు హరీశ్‌రావుకు 2010 ఉప ఎన్నికలో 95,858, 2014లో 93,328, 2018లో 1,18,699 ఓట్ల మెజారిటీ వచ్చింది. ఇంత ధీమా ఉన్న మనిషి తడి చెత్త, పొడి చెత్త గురించి గల్లీగల్లీలో ఎందుకు మాట్లాడాలి? పార్టీల తగువు కాసేపు పక్కనపెట్టి, ఆ పనితనాన్ని దగ్గరగా చూద్దాం.

సీటు ఆయన కష్టపడి వెతుక్కున్నది కాదు. మేనమామ కేసీఆర్ 1985 నుంచి గెలుస్తూ వచ్చి, 2004లో లోక్‌సభకు వెళ్తూ ఖాళీ చేసిన స్థానం అది. అప్పటికే హరీశ్‌రావు వైఎస్ మంత్రివర్గంలో ఉన్నారు, ఎమ్మెల్యే కాకుండానే. ఆరు నెలల్లో గెలిచి రావాలి, గెలిచారు. అయితే సిద్దిపేట కళ్లు మూసుకుని ఓటేసే ఊరేం కాదు. 1970 ఉప ఎన్నికలో తెలంగాణ ప్రజాసమితి తరఫున మదన్‌మోహన్‌ను గెలిపించి కాంగ్రెస్‌కు షాకిచ్చింది. 1983లో కేసీఆర్‌నే ఓడించి పంపింది. ఇలాంటి ఊరు ఒక్క మనిషిని వరసగా ఏడుసార్లు గెలిపించింది. అందులో రెండు, 2008లోనూ 2010లోనూ, తెలంగాణ కోసం ఆయన రాజీనామా చేసి మళ్లీ ఓటడిగిన ఎన్నికలు. పదవి వదిలేసి జనం ముందుకు వెళ్లడం అలవాటైనవాడికి ఊరితో లెక్క వేరుగా ఉంటుంది.

ఆయన పనితీరు బాగా తెలిసేది చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో. 2014లో నీటిపారుదల శాఖ చేతికొచ్చేసరికి తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. చాలావాటికి కట్ట బలహీనం, తూము పనిచేయదు, మత్తడి పగిలింది, శిఖం నిండా పూడిక. చిన్న నీటి వనరుల కింద కృష్ణా, గోదావరి నీళ్లలో తెలంగాణకు 265 టీఎంసీల వాటా ఉన్నా, నిలుపుకునే చోటు లేదు. 2015 మార్చిలో పని మొదలైంది. ఇందులో ఒక ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. పూడిక తీసే ఖర్చు సర్కారుది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. రైతు తన ట్రాక్టర్ పెట్టుకుని వస్తే మట్టి ఎత్తి పోసే ఖర్చు అతనికి ఉండేది కాదు. ఆ ఒండ్రు చల్లిన చెలకలో తడి ఎక్కువ రోజులు ఆగుతుంది, ఎరువుల ఖర్చూ తగ్గుతుంది. అంటే పని సరిగ్గా జరగకపోతే మొదట అడిగేది ఇంజినీరు కాదు, ట్రాక్టర్ కిరాయి కట్టుకున్న రైతు. కాంట్రాక్టర్ మీద ఇంతకంటే మంచి కాపలా ఏముంటుంది! పైగా చెరువు ఎండేది ఎండకాలంలోనే. మృగశిర లోపల పని తెమలాలి. కాబట్టి అంచనాలు, టెండర్లు చలికాలంలోనే ముగియాలి. సర్కారు ఫైలును కార్తెల లెక్కన నడపాల్సిన పని ఇది. దాన్ని శాఖ చేత చేయించడానికి మంత్రి చెరువు కట్టల మీద తిరగాల్సిందే. ఆయన తిరిగారు.

ఇంటిదగ్గర ఇంకా చిన్న పనులు. కోమటిచెరువు ఒకప్పుడు ఊరి వెనక చెరువు. ఇప్పుడు నడక దారి, వేలాడే వంతెనతో జనం సాయంత్రాలు గడిపే చోటు. అది ఫొటోల్లో పడే పని. ఫొటోల్లో పడని పని ఇబ్రహీంపూర్‌లో ఉంది. ఆయన దత్తత తీసుకున్న ఆ ఊళ్లో ఇంటింటికీ ఇంకుడుగుంత తవ్వించారు. స్నానాలగది నీళ్లు వీధి మోరీలోకి పోకుండా, రాళ్లూ కంకరా నింపిన ఆ గుంతలోకి దిగి భూమిలోకి ఇంకుతాయి. వీధిలో బురద లేకపోతే దోమ తగ్గుతుంది. ఇక సిద్దిపేట పట్టణంలో స్టీల్ బ్యాంకు పెట్టారు: దావత్‌కు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు కొనొద్దు, స్టీలువి తీసుకెళ్లి వాడుకుని తిరిగివ్వండి అని. రాష్ట్ర బడ్జెట్ పెట్టే మంత్రికి ఇది తగిన పనేనా అని నవ్వినవాళ్లున్నారు. 2023-24కి ఆర్థిక మంత్రిగా 2,90,396 కోట్ల రూపాయల బడ్జెట్ చదివిన మనిషే పెళ్లి విందు గ్లాసుల లెక్కా పట్టించుకున్నారు. నాకు ఈ రెండో లెక్కే గొప్పగా కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

మెచ్చుకోలుకు హద్దుండాలి. మంత్రి నియోజకవర్గం కాబట్టే సిద్దిపేటకు నిధులు పారాయని పక్క నియోజకవర్గాలు అనడంలో అబద్ధం లేదు. మెడికల్ కాలేజీ, ఐటీ టవర్, 2023 అక్టోబర్‌లో రైలు, అన్నీ ఇక్కడికే. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ నిండితే చెలకలు తడిశాయి. మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద మునిగి వేములఘాట్ లాంటి ఊళ్లు మాత్రం ఊరూ పేరూ లేకుండా పోయాయి. ఆ జనం చేసిన దీక్షలను మరిచిపోయి రిజర్వాయర్ అందం గురించి రాయలేం. గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబర్‌లో కుంగాయి. ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు నీటిపారుదల మంత్రి ఈయనే. అందుకు 2025 జూన్ 9న, దానిపై విచారణ జరిపిన జస్టిస్ ఘోష్ కమిషన్ ముందు హాజరై జవాబు చెప్పుకున్నారు. చెరువు పూడిక తీసినంత సులువుగా గోదావరి లొంగదు.

2023 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది, ఆయన మాత్రం 82,308 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అసెంబ్లీలో ప్రతిపక్ష బెంచీ నుంచి లేచినా చేతిలో కాగితాలుంటాయి. జీవో నంబరు, తేదీ, ఆయకట్టు లెక్క. ఎదుటిపక్షం ఒప్పుకోకపోవచ్చు, లెక్కకు లెక్కతో జవాబు చెప్పాల్సి వస్తుంది. సభలో ఈ మాత్రం సన్నద్ధత అరుదైపోయింది.

కొత్తగా గెలిచిన ఎమ్మెల్యేలు, ఏ పార్టీవారైనా సరే, సిద్దిపేట వస్తే కోమటిచెరువు వంతెన మీద సెల్ఫీ దిగి వెళ్లిపోకండి. పొద్దున్నే ఒక వార్డులో చెత్తబండి వెంట చివరిదాకా నడవండి, తర్వాత ఇబ్రహీంపూర్ పోయి ఒక ఇంకుడుగుంత మూత తీసి చూడండి.