చెయ్యి కడిగే వేళ

శంషాబాద్ విమానాశ్రయంలో సెక్యూరిటీ చెక్ వరుసలో నిలబడినప్పుడల్లా నా చూపు ట్రేల మీదికే పోతుంది. టాయిలెట్ తలుపును మోచేత్తో నెట్టే మనిషి కూడా ఇక్కడ ట్రేను రెండు చేతులా పట్టుకుంటాడు. అందులో ఫోను, పర్సు, బెల్టు, ఒక్కోసారి బూట్లు. అటు ఖాళీ అయిన ట్రే ఇటు ఇంకొకరి చేతికొస్తుంది. సామాను సర్దుకుని ఫుడ్‌కోర్టుకి నడిచి, అదే చేత్తో ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకుంటాం.

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విమానాశ్రయంలో జరిగిన అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. పరీక్షించిన 8 ట్రేల్లో నాలుగింటి మీద శ్వాసకోశ వైరస్‌ల ఆనవాళ్లు దొరికాయి. టాయిలెట్ నమూనాల్లో ఒక్కదానిలోనూ దొరకలేదు. ట్రేల మీది వైరస్‌లు బతికున్నాయో లేదో ఆ పరీక్ష చెప్పదు. విరేచనాలు తెచ్చే క్రిముల లెక్క వేరు. అయినా ఒకటి అర్థమవుతుంది. అసహ్యం వేసే చోట మనమే జాగ్రత్తపడతాం, కడిగేవాళ్లూ కడుగుతారు. శుభ్రంగా కనిపించే చోట ఎవరికీ అనుమానం రాదు.

ఇంట్లో ఆ చోటు పొయ్యి పక్కనుండే మసిగుడ్డ. పొంగిన పాలు తుడిచేదీ, వేడి గిన్నె దించేదీ, తడి చెయ్యి ఒత్తుకునేదీ, చివరికి కంచం తుడిచేదీ అదే. ఫ్లూ వైరస్ స్టీలు మీద ఒకటి రెండు రోజులు నిలుస్తుంది గానీ పెరగదు. బాక్టీరియా అలా కాదు. తడి, వెచ్చదనం, కాస్త మెతుకు దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ గుడ్డను రోజూ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే సగం పీడ వదులుతుంది.

బయటి నుంచి రాగానే కాళ్లు కడుక్కోమనేది మా నాయనమ్మ. మట్టిదారులు, ఉత్తకాళ్ల కాలంలో అది సరైన మాటే. ఇప్పుడు ఊరి మురికి చేతికంటుకుని వస్తోంది: పుష్పక్ బస్సు కడ్డీ, లిఫ్టు మీట, ఏటీఎం అంకెలు. ఆ చెయ్యి ఊరుకోదు. 2015లో సిడ్నీలో వైద్యవిద్యార్థులను గమనిస్తే గంటకు సగటున 23 సార్లు ముఖం తాకారట.

అలాగని 2020లోలా పాల ప్యాకెట్లు, కూరగాయలు సబ్బునీళ్లతో కడగమని కాదు. కలుషితమైన వస్తువును ఒకసారి తాకితే కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా 10 వేలలో ఒకటికన్నా తక్కువేనని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే 2021లో చెప్పింది. ప్రతి వస్తువునూ తుడవడం మన వల్ల కాదు. చెయ్యి నోటి దాకా వెళ్లే ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్దడం మన వల్ల అవుతుంది. శానిటైజర్ ఉందిగా అంటారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి అది పెద్దగా పనిచెయ్యదు.

చిక్కల్లా వేళతోనే. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లినా కుళాయిల దగ్గర తొక్కిసలాట భోజనాలయ్యాకే. ఈసారి బంతిలో కూర్చోకముందే అటు వెళ్లి చూడండి. వరస ఉండదు. సబ్బు ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.