‘రివల్యూషన్’ పాట – విమర్శకుల చెవి
1968 ఆగస్టులో బీటిల్స్ బృందం వెలువరించిన ‘హే జూడ్’ రికార్డు రెండవ వైపున ‘రివల్యూషన్’ ఉంది. పారిస్ విద్యార్థులు వీథులకెక్కిన సంవత్సరమది. విధ్వంసానికి తాను దూరమన్నాడు జాన్ లెనన్. లండన్ వామపక్ష పత్రిక ‘బ్లాక్ డ్వార్ఫ్’లో జాన్ హాయ్‌లాండ్ బహిరంగ లేఖ రాసి నిలదీశాడు, లెనన్ అందులోనే జవాబిచ్చాడు.

భావం మట్టుకు ఆ మందలింపు న్యాయమే. కాని లెనన్ సంగీతంలో వాడి తగ్గిందని కూడా లేఖ అన్నది! గిటారును తిన్నగా రికార్డింగు యంత్రానికే తగిలించి పుట్టించిన ఆ గరగర ధ్వని విన్న చెవికి ఈ మాట ఎక్కదు. మాట వెనక్కు లాగుతుంటే నాదం ముందుకు ఉరుకుతుంది. వస్తువు నచ్చకపోతే రూపానికీ మార్కులు కోయడం మన విమర్శకూ అలవాటే.

అయితే నాదాన్ని మరీ నమ్మరాదు. 1987లో నైకీ కంపెనీ బూట్ల ప్రకటనకు వాడుకున్నది ఈ ఉరుకు పాటనే. 1968 నవంబరు ఆల్బంలోని నిదానపు పాటలో లెనన్ ఔననీ కాదనీ రెండూ అంటాడు. కంపెనీ దాని జోలికి పోలేదు.