పంపు నోటి దగ్గర

హైదరాబాద్ నుంచి షోలాపూర్, పుణె వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారిని జనం ఇప్పటికీ ముంబై హైవే అనే అంటారు. దాని మీద జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దుకు ముందు వస్తుంది చిరాగ్‌పల్లి. ఉర్దూలో చిరాగ్ అంటే దీపం. లారీవాళ్లకు మాత్రం ఈ పేరు వింటే చెక్‌పోస్టు గుర్తొస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా పన్ను కాగితాల కోసం ఇక్కడ బండ్లు బారులు తీరేవి. అలా ఆగినచోటే బండి జబ్బు బయటపడుతుంది. రాత్రంతా నిలబెట్టిన లారీ తెల్లారి ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అప్పుడు డ్రైవరు పానా పట్టినవాణ్ణి వెతుక్కుంటాడు.

ఆ మిస్త్రీ బ్యాటరీ సరిగా ఉందని తేల్చుకున్నాక ముందుగా ముట్టుకునేది ఫిల్టర్ తలమీది బ్లీడింగ్ స్క్రూని. దాన్ని రెండు చుట్లు వదులుచేసి, ఫీడ్ పంపు మీది ప్రైమర్‌ను చేత్తో కొడతాడు. మొదట బుసబుసమంటూ నురగ వస్తుంది. కొట్టగా కొట్టగా బుడగలు తగ్గి డీజిల్ నిండుగా ధారకడుతుంది. స్క్రూ బిగిస్తూ చెప్తాడు: “ఎయిర్ పట్టింది సాబ్, పంపు దాకా డీజిల్ అందుతలేదు.”

అందుతోందా లేదా అన్నదే అతను ఆ స్క్రూని అడిగిన ప్రశ్న. ఫ్యూయల్ ప్రెషర్ మీటరు అడిగేదీ అదే. అందుకే పాత డీజిల్ లారీకి మీటరు పెట్టించుకుంటూ సెన్సార్ ఎక్కడ తగిలించాలని ఎవరైనా అడిగితే, మిస్త్రీ వేళ్లు ఇన్నేళ్లుగా పోతున్న చోటే అని నేను చెప్తాను.

డీజిల్ వచ్చే దారి చూడండి. ట్యాంకులోంచి ఫీడ్ పంపు లాగుతుంది, ఫిల్టర్లలోకి నెడుతుంది, అక్కణ్ణుంచి ఇంజెక్షన్ పంపుకు చేరుతుంది. మిగిలింది ఓవర్‌ఫ్లో వాల్వు దాటి ట్యాంకుకు తిరిగిపోతుంది. చెరకు లాగే పాత ట్రాక్టర్లలోనూ దాదాపు ఇదే వరస. ఈ ప్రాంతానికి ఈ ఇంజన్లతో పరిచయం ఇవాళ్టిది కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లోనే చిన్న లారీలు తయారుచేసింది. ఇప్పుడు ఇక్కడ మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

డీజిల్ వచ్చే ఈ దారిలో ఫిల్టర్‌కు ముందు కొలిస్తే మీటరు మోసం చేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతున్న కొద్దీ ఫీడ్ పంపు నెట్టే డీజిల్ దాని ముందే నిలిచి, అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ముల్లు దర్జాగా పైన నిలబడి ఉంటుంది, అవతల ఇంజెక్షన్ పంపు పస్తులుంటుంది. ఫిల్టర్ దాటాక, పంపు నోటికి దగ్గరగా కొలిచినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. రెండు చోట్లా రెండు మీటర్లు పెట్టగలిగితే ఇంకా మంచిది. రెంటికీ మధ్య తేడా పెరుగుతుంటే ఫిల్టర్ మార్చే రోజు వచ్చిందన్నమాట. ఒక్కటే పెట్టే స్తోమతుంటే మాత్రం ఫిల్టర్ తర్వాతే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కొలిచే చోటు దొరికింది కదా అని సెన్సార్‌ను తెచ్చి అక్కడే, ఇంజను మీదే బిగిస్తారు. డీజిల్ ఇంజను వణుకు మామూలుది కాదు. బోల్టు మీద అడాప్టరు, దాని మీద బరువైన సెన్సార్ నిలబెడితే ఆ వణుకుకు అది సమ్మెట పిడిలా ఊగి ఊగి మెడ దగ్గర విరుగుతుంది. విరిగితే డీజిల్ చిమ్మేది వేడి సైలెన్సర్ పైపు మీదకే కావచ్చు. కొలిచే చోటు పంపు దగ్గర, సెన్సార్ కూర్చునే చోటు ఛాసిస్ మీద ఉండాలి. రెంటినీ డీజిల్‌కు ఆగే సన్నని గొట్టంతో కలపాలి. గొట్టం ఒరుసుకోకుండా, టర్బోకు దూరంగా పోవాలి. సెన్సార్ ఒక మీటరు పొడవు ఎత్తు తేడాలో కూర్చున్నా లెక్కలో వచ్చే తేడా 0.08 బార్ మాత్రమే.

కొలిచే కన్నం కోసం ఫిల్టర్ తలను తొలవడం నాకు ఇష్టం లేదు. పైపును పట్టి ఉంచే బాంజో బోల్టు ఎలాగూ బోలుగానే ఉంటుంది. దాని తలకు మరపెట్టిన బోల్టు లేత్ మీద చేయించి, పాతది దాచి పెట్టుకోవచ్చు. లోపలి దారి ఇరుకు కాకూడదు. రజను ఒక్క పొట్టు కూడా మిగలకూడదు. ఆ తర్వాత దాన్ని ఆపే ఫిల్టర్ లేదు, నేరుగా పంపులోకే పోతుంది. టెఫ్లాన్ టేపు వద్దనేదీ ఇందుకే. తెగిన పోగు నాజిల్ దాకా పోతుంది. పైగా కొన్ని సెన్సార్లు మరల ద్వారానే ఎర్త్ తీసుకుంటాయి, టేపు చుడితే రీడింగే తప్పుతుంది.

రాగి వాషర్ విషయంలో పాత మిస్త్రీల పద్ధతి చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తారు. ఉక్కును అలా చేస్తే బిరుసెక్కుతుంది, రాగి మాత్రం మెత్తబడి మళ్లీ ఒదుగుతుంది. రాగి పైపును మధ్యలో స్ప్రింగులా రెండు చుట్లు చుట్టడమూ వాళ్ల విద్యే. వణుకంతా ఆ చుట్లు మింగేస్తాయి, పైపు పగలదు. సెన్సార్ గొట్టాన్ని కొంచెం వదులుగా వంచి కట్టమనడంలో ఉన్నదీ ఈ తెలివే.

ఫీడ్ పంపు కొట్టే ప్రతి దెబ్బకూ ముల్లు గజగజలాడుతుంది. సెన్సార్‌కు పోయే గొట్టంలో సన్నని రంధ్రమున్న చిన్న బిళ్ల పెడితే ముల్లు నిలకడగా నిలుస్తుంది. డీజిల్ గొట్టాన్నే క్యాబిన్‌లోకి తెచ్చే మీటర్లు కొనొద్దు. డ్రైవరు కాళ్ల దగ్గరికి వైరు రావాలి గాని ఇంధనం రాకూడదు.

2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక కొత్త లారీల్లో కామన్ రైల్ పద్ధతే ఎక్కువ. అందులో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటుతుంది. ఆ వైపు పానా పెట్టకూడదు, ఇంజను నడుస్తుండగా అసలే వద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ కంపెనీ సెన్సార్ ముందే ఉంది. మనం చూడదగ్గది ఫిల్టర్ వైపే. కొన్ని బండ్లలో అక్కడ నెట్టే ఒత్తిడి ఉండదు, లాగే వాక్యూమ్ ఉంటుంది. మీటరు దానికి తగ్గది కొనాలి.

బిగించిన రోజు ఐడ్లింగ్‌లో ముల్లు చూసి తృప్తిపడొద్దు. ఖాళీ బండికి డీజిల్ ఎప్పుడూ చాలినట్టే ఉంటుంది. పాత ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపుల దగ్గర ఒత్తిడి సాధారణంగా 1 నుంచి 2.5 బార్ మధ్య ఉంటుంది, సరైన అంకె ఆ ఇంజను పుస్తకంలోనే చూడాలి. కొత్త ఫిల్టర్ వేసి, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, మీటరు అద్దం మీద అక్కడ ఎర్ర రంగుతో సన్నని గీత పెట్టండి. మర్నాడు పొద్దున్నే సెల్ఫ్ కొట్టే ముందు పొడిగుడ్డతో ఆ బాంజో బోల్టు చుట్టూ ఒకసారి తుడిచి చూడండి.