చక్రం, ట్రే, చూపు

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం వైపు రాత్రిపూట వెళితే రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు కొడుతున్న చప్పుడు తెరిపి లేకుండా వినిపిస్తుంది. వనామి రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడది. కోనసీమ అనగానే కొబ్బరి, వరి గుర్తొస్తాయి గానీ, సముద్రం పక్క మండలాల్లో చాలా ఇళ్ల జమాఖర్చులు ఇప్పుడు రొయ్య కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీద నడుస్తున్నాయి. ఆ సాగును నిలబెడుతున్నవి చూడటానికి మోటుగా ఉండే ఒక యంత్రం, తాడు కట్టిన ఒక వల పళ్లెం, వాటి దగ్గర మేలుకుని ఉండే ఒక మనిషి.

1990ల్లో ఈ తీరంలో పెంచింది టైగర్ రొయ్యను. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను ఊడ్చేసింది. ఈ సాగును నియంత్రించే తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది. పసిఫిక్ తూర్పు తీరపు వనామిని పెంచుకోవడానికి 2009లో అనుమతి దొరికింది. టైగర్ ఎక్కువగా అడుగునే తిరుగుతుంది. వనామి పైనా కిందా నీళ్లంతటా ఈదుతుంది కాబట్టి అదే చెరువులో చాలా ఎక్కువ పిల్ల పడుతుంది. పిల్ల పెరిగితే ఊపిరి అవసరమూ పెరుగుతుంది. ఏరియేటర్ లేకుండా చెరువు నడవని పరిస్థితి అక్కడే మొదలైంది.

ఏరియేటర్‌ను గట్టు మీదికి లాగి చూస్తే భాగాలన్నీ తేలిగ్గానే తెలుస్తాయి. కింద బోలు ప్లాస్టిక్ ఫ్లోట్లు, వాటిని కలిపి పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్రేము, మధ్యలో మోటారు, దానికి బిగించిన గేర్‌బాక్సు, అక్కడి నుంచి సాగే షాఫ్టు, షాఫ్టు మీద రెక్కల చక్రాలు. ఒక హెచ్‌పీ యంత్రానికి సాధారణంగా రెండు చక్రాలు, రెండు హెచ్‌పీలకు నాలుగు. మోటారు నిమిషానికి 1,400 చుట్లకు పైగా తిరుగుతుంది. గేర్‌బాక్సు ఆ వేగాన్ని వంద దగ్గరికి దించి, తగ్గిన వేగం మేరకు తిప్పే బలాన్ని పెంచుతుంది. షాఫ్టు ఆనే చోట చాలా యంత్రాల్లో స్టీలు బేరింగు ఉండదు, ఉప్పునీటికి అది నిలవదు. గట్టి ప్లాస్టిక్ బుష్షు ఉంటుంది. దానికి చెరువు నీళ్లే కందెన.

చక్రం పని కవ్వం పనే. రెక్క నీళ్లలో కొన్ని అంగుళాలే దిగుతుంది. ఎక్కువ దిగితే మోటారు మీద బరువు పడుతుంది, తక్కువైతే నీళ్లు చెదరవు. ఆ లోతును నిర్ణయించేది ఫ్లోటు. ఫ్లోటుకు చిల్లు పడి నీళ్లెక్కితే యంత్రం ఒక పక్కకు ఒరిగి కరెంటు ఎక్కువ లాగుతుంది. రెక్కలకు ఉన్న రంధ్రాలు నీటిని ముద్దగా కాకుండా తుంపరగా విసురుతాయి. తుంపర చిన్నదైన కొద్దీ అదే నీటికి గాలి తగిలే మేర పెరుగుతుంది. ఆక్సిజన్ ఎక్కేది ఆ అంచు దగ్గరే.

ఇక యంత్రాలను నిలిపే తీరు. గట్టుకు కాస్త లోపలగా, అన్నీ ఒకే దిక్కుకు నీళ్లు తోసేలా గుంజలకు తాళ్లతో కడతారు. దాంతో చెరువంతా మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. మిగిలిన మేత, రొయ్యల మలం, విడిచిన గుల్లలు మధ్యకు చేరతాయి. గట్టు వెంబడి మేత పడే మేర శుభ్రంగా ఉంటుంది. అంటే గాలి పట్టించేదీ, అడుగు ఊడ్చేదీ ఒకే చక్రం. మూడు ఫేజుల్లో ఏ రెండు వైర్లు తారుమారైనా చక్రం వెనక్కి తిరుగుతుంది. ఒక ఫేజు పోతే మోటారు మూలిగి, పట్టించుకోకపోతే కాలిపోతుంది. చెరువు మీద ఉండే మనిషి షెడ్డులో పడుకుని కూడా చప్పుడులో తేడా పసిగట్టేది ఇందుకే.

రాత్రే ఎందుకంత జాగ్రత్త? 30 డిగ్రీల ఉప్పునీరు గాలి నుంచి లీటరుకు సుమారు ఏడు మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ పట్టుకోలేదు. పగలు నీళ్లకు పచ్చరంగునిచ్చే ప్లాంక్టాన్ ఎండ పుణ్యమా అని దాన్ని ఇంకా పైకి తీసుకెళుతుంది. ఆ వేళ ఏరియేటర్ వేస్తే ఎక్కువైన ఆక్సిజన్ బయటికి పోతుంది కూడా, అప్పటి లాభం పై నీళ్లనూ అడుగు నీళ్లనూ కలపడమే. పొద్దుగూకాక ప్లాంక్టాన్ ఆక్సిజన్ ఇవ్వదు, తీసుకోవడమే. తెల్లవారుజామున మట్టం అన్నిటికంటే కిందికి పోతుంది. నాలుగు మిల్లీగ్రాముల లోపుకు జారితే రొయ్య మేత తగ్గిస్తుంది, ఇంకా జారితే పైకి తేలుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంత తక్కువుంటే గాలి నుంచి అంత త్వరగా ఎక్కుతుంది కాబట్టి, చక్రం అసలు విలువ కూడా ఆ గంటల్లోనే. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ అందుకోవాలి.

రెండో పనిముట్టు చెక్ ట్రే. ఇనుప చువ్వ ఫ్రేము, అడుగున సన్న వల, పైకి లేపడానికి తాడు, అంతే. గట్టు నుంచి లోపలికి కట్టిన చిన్న వంతెన చివర నుంచి దాన్ని దించుతారు. ఏరియేటర్ ఒరవడికి మేత కొట్టుకుపోయే చోటూ కాదు, నల్ల బురద పేరుకున్న చోటూ కాదు. చెరువులో చల్లిన మేతకు తగిన కొద్ది గ్రాములు ట్రేలో వేసి, రొయ్య వయసును బట్టి గంటన్నరకో రెండు గంటలకో పైకి తీస్తారు. మేత మిగిలితే వచ్చే పూట కోత. తుడిచిపెట్టినట్టు ఉంటే కాస్త పెంపు. అసలు పరిశీలన ఆ తర్వాత. వనామి ఒళ్లు గాజులా ఉంటుంది. వీపు వెంట పేగు ముదురు గీతలా కనిపిస్తుంది. గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, ఖాళీగా ఉందా? ట్రేలో తెల్లటి మలం పోగులు పడ్డాయా? మీసాలు తెగాయా? ట్రే లేపగానే ఎగిరిందా, మెత్తగా పడి ఉందా? విడిచిన గుల్లలు కనిపిస్తే మోల్టింగ్, అంటే గుల్ల మార్చుకోవడం, మొదలైందన్నమాట. ఆ పూట మేత తగ్గించి, చక్రాలు పెంచి, కొత్త గుల్ల గట్టిపడటానికి మినరల్స్ చల్లాలి.

ఈ పనుల చుట్టూ పెద్ద జీవనోపాధే అల్లుకుంది: హేచరీలో పిల్ల లెక్కపెట్టేవారు, మోటార్లు వైండింగ్ చేసేవారు, పట్టుబడి రోజు వల లాగే జట్లు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసే ఆడవాళ్లు. ఇందులో నష్టం లేదనలేం. ఉప్పునీరు ఊరడంతో పక్క వరి చేలు చెడుతున్నాయి, తాగునీరు ఉప్పెక్కుతోంది. చెరువు నీళ్లను శుద్ధి చేయకుండా కాలవలోకి వదిలితే ఒకరి జబ్బు అందరిదీ అవుతుంది. పనితనం అనే మాటలో తూము దగ్గర చూపే జాగ్రత్త కూడా చేరాలి.

లెక్క ఒకటి వేసి చూడండి. 50 కౌంటు అంటే ఒక్కో రొయ్య 20 గ్రాములు. నాలుగు టన్నులు తేలిన చెరువులో అలాంటివి రెండు లక్షలు. కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టినచోట ఆరు టన్నులు ఖర్చు. ట్రే సరిగ్గా చూసి దాన్ని కిలోకు 1.2 దగ్గర ఆపితే 4.8 టన్నులు. కిలో మేత 90 రూపాయల చొప్పున వేసుకున్నా ఆ తేడా లక్షకు పైమాటే. అడుగున కుళ్లే మేత తగ్గడం వేరే లాభం. తీర మండలాల అభివృద్ధిని టన్నుల్లో, డాలర్లలో చెప్పే నివేదికల్లో ఈ లక్ష కనిపించదు. ట్రే లేపిన మనిషి జీతంలోనూ సాధారణంగా కనిపించదు. పనివాళ్ల నైపుణ్యం పెంచాలనుకునేవారు కొత్త శిక్షణ గురించి ఆలోచించే ముందు, ఇప్పటికే ఉన్న ఈ నైపుణ్యానికి ధర కట్టాలి.