గడి నింపితే సగమే, విప్పి చెబితేనే పూర్తి

“లక్ష్మి తిరగబడితే యంత్రం (2).”

ఈ ఆధారాన్ని మొదటిసారి చూసినవారికి కోపగించిన అమ్మవారో, మొరాయించిన ఫ్యాక్టరీయో మనసులో మెదులుతుంది. గడినుడి అలవాటున్నవారు మాత్రం వాక్యాన్ని వెంటనే మూడు ముక్కలు చేస్తారు. చివరి మాట ‘యంత్రం’ జవాబుకు అర్థం. మొదటి మాట ‘లక్ష్మి’కి రెండక్షరాల పర్యాయపదం రమ. నడిమి మాట ‘తిరగబడితే’ మనం చేయాల్సిన పని. రమను వెనక్కి తిప్పితే మర. మర అంటే యంత్రమే. ఆధారంలో ఒక్క మాట మిగల్లేదు, ఒక్క మాట తక్కువ పడలేదు.

గళ్ళలో ‘మర’ అని రాస్తే సగం పనే అయింది. అది మరే ఎందుకో పక్కవారికి విప్పి చెప్పగలిగినప్పుడు మిగతా సగం పూర్తవుతుంది. దినపత్రికలో రోజూ కనిపించే ఈ చిన్న చదరానికి ఉన్న విలువంతా ఆ రెండో సగంలోనే ఉందని నా నమ్మకం.

ఎక్కడ పుట్టింది

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన వజ్రాకారపు పజిల్‌ను తొలి క్రాస్‌వర్డ్‌గా లెక్కిస్తారు. అందులోని ఆధారాలు చాలావరకు నేరుగా అర్థాన్ని అడిగేవే. అర్థంతో పాటు మాటల మెలిక కూడా పెట్టే పద్ధతి ఇంగ్లండులో పెరిగింది. టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ 1926 నుంచి 1939 దాకా అబ్జర్వర్ పత్రికలో పూర్తిగా మెలిక ఆధారాలతోనే పజిళ్ళు కూర్చాడు. ఆయన తర్వాత అదే పత్రికకు కూర్చిన మెక్‌నట్, జిమెనీజ్ అనే మారుపేరుతో, 1966లో ఈ విద్యకు ఒక నియమావళి రాశాడు. దాని సారం ఇది: ఆధారంలో జవాబుకు కచ్చితమైన అర్థం ఉండాలి, అక్షరాలను రాబట్టే దారి న్యాయంగా ఉండాలి, ఈ రెండూ తప్ప మరేమీ ఉండకూడదు. కూర్పరి పాఠకుణ్ణి దారి తప్పించవచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు.

తెలుగువాళ్ళకు ఈ ఆట తేలిగ్గా పట్టుబడటంలో ఆశ్చర్యం లేదు. ఒకే పద్యంలో రాముడి కథనూ పాండవుల కథనూ నడిపిన పింగళి సూరన రాఘవపాండవీయం మనకు పదహారో శతాబ్దం నాడే ఉంది. అవధానంలో న్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడు ఏ పాదంలో ఎన్నో చోట ఏ అక్షరం పడాలో ముందే నిర్ణయిస్తాడు. అడ్డం మాట ఇచ్చిన అక్షరానికి నిలువు మాట కట్టుబడటం కూడా అలాంటి నిర్బంధమే. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అనీ, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అనీ పేర్లు పెట్టి స్వయంగా పజిళ్ళు కూర్చారంటే, పెద్ద కవులకు ఇందులో పనితనం కనిపించిందనే అర్థం.

గడికొక అక్షరం

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో గడిలో పడేది 26 అక్షరాల్లో ఒకటి. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన నిండు అక్షరం పడుతుంది. ‘కృష్ణ’కు రెండు గళ్ళు, ‘స్వాతంత్ర్యం’కు మూడు గళ్ళు చాలు. కానీ ఆ ‘త్ర్యం’ మీదుగా నిలువు మాట నడవాలంటే దానిలోనూ ‘త్ర్యం’ ఉండి తీరాలి. అందుకే కూర్పరి క, న, ర, ల వంటి ఒంటి అక్షరాలను కూడళ్ళలో ఉంచడానికి చూస్తాడు. ‘కమలం’ కుదరకపోతే ‘కమలము’ అని నాలుగు గళ్ళకు సాగదీస్తాడు. అచ్చులు సాధారణంగా మాట మొదట్లోనే వస్తాయి కాబట్టి ‘ఆ’, ‘ఈ’ లాంటివి అడ్డం, నిలువు రెండూ మొదలయ్యే గడిలోనే హాయిగా ఒదుగుతాయి.

ఇబ్బందితో పాటు ఒక వరమూ ఉంది. అక్షరం నిండుగా కదులుతుంది, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. కాబట్టి తిప్పి చదివినా నోరు తిరిగే మాటే వస్తుంది.

మెలికలు, విడుపులు

“కలప వెనుదిరిగితే అక్షరాలు దిద్దే చోటు (3).” కలపను కుడి నుంచి ఎడమకు చదివితే పలక. అడ్డం ఆధారాల్లో ‘వెనుదిరిగిన’, ‘అటునుంచి’ అన్నవి, నిలువు ఆధారాల్లో ‘తలకిందులైన’, ‘పైకెక్కిన’ అన్నవి ఈ పనికి గుర్తులు.

“వలన తారుమారైతే పెద్ద కథ (3).” అక్షరాలను కలిపి మళ్ళీ పేర్చితే నవల. ‘చెదిరిన’, ‘కలవరపడిన’, ‘కకావికలైన’ అన్న మాటలు కనిపించగానే పక్కనున్న మాటలో అక్షరాలు లెక్కపెట్టాలి. గళ్ళ సంఖ్యతో సరిపోతే దారి దొరికినట్టే.

“మన దివాణంలో పారే ఏరు (2).” జవాబు కళ్ళ ముందే ఉంది. ‘మన’ చివరి అక్షరం, ‘దివాణం’ మొదటి అక్షరం కలిస్తే నది. రెండు మాటల మధ్య ఖాళీ కంటికే గానీ అక్షరాలకు అడ్డు కాదు.

“కలంలో మనసు తల దాచుకుంటే తామర (3).” మనసు తల అంటే దాని మొదటి అక్షరం ‘మ’. అది కలం మధ్యలో దాక్కుంటే కమలం. రోజూ వాడే నానుడిని ఉన్నదున్నట్టు, మాటకు మాటగా చదవమనడమే ఇందులోని కిటుకు.

“కక్షలు కనిపించేది రాత్రి కాదు (3).” ఇక్కడ అక్షరాలతో పనిలేదు, ఇది శ్లేష. కక్షలంటే పగలు, రాత్రి కానిది పగలు. జవాబు రెండు వైపుల నుంచీ ఒకే మాట దగ్గరకు చేరుతుంది.

నిజాయితీ ఎక్కడుంది

“తల పోయినా విమానం నిలుపుకున్న పరువు (2).” విమానంలో ‘వి’ తీసేస్తే మానం. ఇదే ఆధారాన్ని “విమానానికి తల పోయినా పరువు దక్కింది” అని రాస్తే వాక్యం ఇంకా సాఫీగా ఉంటుంది. కానీ విభక్తి చేరగానే ‘విమానం’ కాస్తా ‘విమానాని’ అయింది, అక్షరాలు మారిపోయాయి. పాఠకుడు దాన్ని మళ్ళీ మొదటి రూపానికి తెచ్చుకోవాలి. ‘లో’ అన్న విభక్తితో ఈ చిక్కు లేదు, ‘కలంలో’ అన్నా కలం చెక్కుచెదరదు. ఏ విభక్తి మాటను కదిలిస్తుందో, ఏది కదిలించదో తెలిసిన కూర్పరి ఆధారం ముందు పాఠకుడు ఓడిపోయినా మోసపోడు. జిమెనీజ్ నియమాన్ని తెలుగులో పాటించడమంటే ఇదే.

ఎలా మొదలుపెట్టాలి

ముందు ఆధారం మొదటి మాటనూ చివరి మాటనూ విడిగా చూడండి. అర్థం సాధారణంగా ఆ రెండు కొసల్లో ఒకచోట ఉంటుంది. తర్వాత పని చెప్పే మాటను వెతకండి. ‘లో’ ఎంత చిన్నదైనా పని చెప్పే మాటే కావచ్చు. జవాబు తట్టకపోతే పట్టుబట్టకుండా దాన్ని దాటే మాటల వైపు వెళ్ళండి. కూడలిలో ‘ల’ పడితే సగం తలుపు తెరిచినట్టే. ఊహతో జవాబు తట్టినప్పుడు మాత్రం అక్కడే ఆగకండి. ప్రతి మాటకూ లెక్క చెప్పగలరా అని చూసుకోండి. ఒక్క మాటకు లెక్క తేలకపోయినా జవాబు తప్పై ఉండవచ్చు, లేదా ఆధారమే లోపభూయిష్టమై ఉండవచ్చు.

ఈ లెక్క చెప్పే అలవాటే గడినుడి ఇచ్చే చదువు. రమ, ఏరు, మానం లాంటి మాటలు నిఘంటువులో ఊరికే పడి ఉండకుండా పనిలోకి వస్తాయి. బడిపిల్లలకు పర్యాయపదాలు బట్టీ పట్టిస్తే మర్చిపోతారు. లక్ష్మిని తిప్పి మర చేసిన పిల్ల ‘రమ’ను మర్చిపోదు. వాక్యం చెప్పినట్టు కనిపించేది ఒకటి, నిజంగా చెప్పేది ఒకటి కావచ్చని కూడా ఆ పిల్లకు తెలుస్తుంది. ప్రకటనలూ ప్రసంగాలూ చదివేటప్పుడు ఆ తెలివి అక్కరకొస్తుంది.

అందుకే పత్రికల సంపాదకులను ఒకటి కోరుతున్నాను. మర్నాడు జవాబులు అచ్చువేసేటప్పుడు నాలుగైదు కఠినమైన ఆధారాలకైనా ఒక్కో వాక్యం వివరణ ఇవ్వండి. వివరణ రాయాలని తెలిసిన కూర్పరి ఆధారాన్ని జాగ్రత్తగా కూరుస్తాడు. నిన్న ఓడిన పాఠకుడు దారి తెలుసుకుని మళ్ళీ పెన్ను పట్టుకుంటాడు. వారికీ వీరికీ మేలు చేసే ఆ నాలుగు వాక్యాలకు పత్రికలో చోటు దొరకకపోదు.